సాంకేతిక పాఠం: ఏ ప్రాసెసర్‌కు ఏ కెర్నల్?



ఇంజినీరింగు, పాలిటెక్నిక్, బి.సి.ఏ. చదువుతున్న మన ఉపకారవేతన విద్యార్థుల్లో కొందరు ప్రాజెక్టు పనికి లైనక్స్‌ను ఎంచుకుంటారు. కెర్నల్ కంపైల్ చేసే మెట్టు దగ్గరకు వచ్చేసరికి తడబడతారు. కాన్ఫిగరేషన్ మెనూ తెరిస్తే వేల ప్రశ్నలు కనిపిస్తాయి. దేనికి ఏం జవాబివ్వాలో తెలియక కొందరు ఉన్నది ఉన్నట్టు వదిలేస్తారు, మరికొందరు తోచినది నొక్కేస్తారు. ఆ వేల ప్రశ్నల్లో ఒక్కదాని గురించే ఈ పాఠం. ఆ ప్రశ్న ఇది: ఈ కెర్నల్ ఏ ప్రాసెసర్ కుటుంబం కోసం?

మనలో చాలామందిమి బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుకున్నవాళ్ళం. అందుకని సాంకేతిక పదాలను కాలేజీలో మీరు వినే రూపంలోనే ఉంచాను. కమాండ్లను తెలుగు లిపిలో రాశాను. కీబోర్డు మీద మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.

మేము చేసిన పొరపాటు

2004లో ఒక విద్యార్థి వసతి గృహానికి దాతలు ఆరు పాత కంప్యూటర్లు ఇచ్చారు. నాలుగింటిలో పెంటియం 2, సెలెరాన్ ప్రాసెసర్లు, రెండింటిలో ఏఎండీ వారి కె6-2 ఉన్నాయి. వాటిని సిద్ధం చేసే పని నేను, మరో ఇద్దరు మిత్రులు తీసుకున్నాం. మా దగ్గరున్న పెంటియం 3 యంత్రం మీద లైనక్స్ వేసి, కెర్నల్ కంపైల్ చేసి, ఆ డిస్కు నకలును ఆరింటికీ ఎక్కించాం. మెనూలో ప్రాసెసర్ కుటుంబం అడిగినప్పుడు 686, అంటే పెంటియం ప్రో వరుసను ఎంచుకున్నాం. కె6 పేరులోనే 6 ఉంది కదా, సరిపోతుందిలే అనుకున్నాం.

నాలుగు యంత్రాలు చక్కగా లేచాయి. కె6-2 ఉన్న రెండూ కెర్నల్‌ను విప్పుతున్నామని ఒక వరుస చూపించి అక్కడే ఆగిపోయాయి. మెమరీ మార్చాం, డిస్కు మార్చాం, కేబుళ్ళు మార్చాం. చివరికి మదర్‌బోర్డులు పాడయ్యాయని తేల్చేశాం. ఒకదాన్ని పాత సామాన్లవాడికి అమ్మేశాం కూడా.

రెండోది పోకుండా ఆపింది ఆ వసతి గృహంలోనే ఉంటున్న పాలిటెక్నిక్ రెండో సంవత్సరం అమ్మాయి. మేము పాడైందన్న యంత్రాన్ని ఆమె ఇన్‌స్టలేషన్ సీడీతో లేపి చూసింది. మామూలుగానే లేచింది. ప్రాసెసర్ వివరాలు కాగితం మీద రాసుకుని మా దగ్గరికి వచ్చి, "సార్, ఇందులో ఫ్యామిలీ 5 అని ఉంది. ఫ్లాగ్స్‌లో సీమూవ్ లేదు. మీరు 686కు కదా కంపైల్ చేశారు?" అని అడిగింది.

అంతే. యంత్రంలో లోపం లేదు, మా జవాబులోనే ఉంది. కె6 పేరులో 6 ఉన్నా అది తన ఫ్యామిలీ సంఖ్య 5 అనే చెబుతుంది. 686 కోసం కంపైల్ చేసిన ప్రోగ్రాముల్లో ఉండే సీమూవ్ అనే ఇన్‌స్ట్రక్షన్ దానికి తెలియదు. 586 వరుసకు మళ్ళీ కంపైల్ చేస్తే ఆ యంత్రం మొదటిసారికే లేచింది. అమ్మేసినది మాత్రం తిరిగి రాలేదు. కంప్యూటర్ గంట కోసం పిల్లలు వరుసలో నిలబడే చోట ఒక యంత్రం పోవడం చిన్న నష్టం కాదు.

భాష ఒకటే, మాటలు వేరు

ఆపరేటింగ్ సిస్టమ్‌లో కెర్నల్ అన్నిటికన్నా అడుగున ఉండే ప్రోగ్రాము. మెమరీ, డిస్కు, ప్రాసెసర్ సమయం, ఇతర పరికరాలు అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్ మొదలుపెట్టినప్పుడు అది ఇంటెల్ 386 ఒక్కదాని కోసమే. వేరే ప్రాసెసర్లకు మార్చడానికి అది వీలుగా ఉండదని తొలి ప్రకటనలో ఆయనే చెప్పారు. 1995లో వచ్చిన 1.2 వెర్షన్ నాటికి ఆల్ఫా, మిప్స్, స్పార్క్ ప్రాసెసర్లు కూడా చేరాయి. ప్రాసెసర్‌ను బట్టి మారే భాగాన్ని ఆర్చ్ అనే డైరెక్టరీలో వేరుగా ఉంచి, మిగతాది అందరికీ ఉమ్మడిగా రాసే పద్ధతి స్థిరపడింది.

ఇక్కడ రెండు మాటలను కలపకూడదు. ఒకటి ఆర్కిటెక్చర్, రెండోది ఫ్యామిలీ. ఆర్కిటెక్చర్ అంటే భాష. ఎక్స్86 ఒక భాష, ఆర్మ్ మరొకటి, రిస్క్-వి ఇంకొకటి. ఒకదానికి రాసినది మరొకదానికి ఒక్క ముక్క కూడా అర్థం కాదు.

ఫ్యామిలీ అంటే ఒకే భాషలో తరానికీ తరానికీ ఉండే తేడా. అమ్మమ్మకు తెలిసిన మాటలన్నీ మనవడికి తెలుసు. మనవడు నేర్చిన కొత్త మాటలు అమ్మమ్మకు తెలియవు. అమ్మమ్మ మాటలతో రాసిన ఉత్తరం ఇంట్లో అందరూ చదవగలరు. మనవడి మాటలతో రాస్తే అమ్మమ్మ మొదటి వాక్యంలోనే ఆగిపోతుంది. మా కె6-2 అలాగే ఆగిపోయింది.

కాబట్టి ప్రాసెసర్ కుటుంబం అనే ప్రశ్నకు ఇచ్చే జవాబును యంత్రం పేరుగా కాక, కెర్నల్ దిగగల అట్టడుగు మెట్టుగా భావించాలి. ఆ మెట్టుకు పైనున్న వాటిలో నడుస్తుంది, కిందివాటిలో నడవదు.

ఒక్క జవాబులో నాలుగు నిర్ణయాలు

ఎక్స్86 మెనూలో "ప్రాసెసర్ టైప్ అండ్ ఫీచర్స్" అనే విభాగం కింద "ప్రాసెసర్ ఫ్యామిలీ" ఉంటుంది. అక్కడ ఒక పేరు ఎంచుకోగానే నాలుగు విషయాలు నిర్ణయమైపోతాయి.

మొదటిది, వాడదగిన ఇన్‌స్ట్రక్షన్లు. 1989 నాటి 486తో కంపేర్-ఎక్స్‌చేంజ్ ఇన్‌స్ట్రక్షన్ వచ్చింది. 1993 నాటి పెంటియంతో 8 బైట్లను ఒకేసారి పోల్చి మార్చే దాని పెద్ద రూపం వచ్చింది. 1995 నాటి పెంటియం ప్రోతో సీమూవ్ వచ్చింది. షరతు నిజమైతేనే విలువను కదిలించే ఇన్‌స్ట్రక్షన్ ఇది. దీనివల్ల ప్రోగ్రాములో జంప్‌లు తగ్గుతాయి కనుక కంపైలర్ దీన్ని ఎక్కడపడితే అక్కడ వాడేస్తుంది. అందుకే లేని ప్రాసెసర్ మీద తొలి అడుగులోనే పతనం.

రెండోది, క్యాష్ లైన్ వెడల్పు. మెమరీ నుంచి ప్రాసెసర్ ఒక్కసారికి తెచ్చుకునే ముక్క ఎంతో కెర్నల్‌కు తెలియాలి. 486 వరుసకు 16 బైట్లు, పెంటియం, పెంటియం ప్రో వరుసలకు 32, ఏఎండీ అథ్లాన్, ఇంటెల్ కోర్ 2 వరుసలకు 64, పెంటియం 4కు 128 బైట్లు అని కెర్నల్ లెక్క వేసుకుంటుంది. ఇది తప్పితే కెర్నల్ ఆగిపోదు కానీ, మెమరీ వృథా కావచ్చు లేదా వేగం తగ్గవచ్చు.

మూడోది, పాత లోపాలకు మందు. 1997లో పెంటియంలో ఎఫ్00ఎఫ్ అనే లోపం బయటపడింది. మామూలు యూజర్ ప్రోగ్రాము ఒకే ఒక్క తప్పుడు ఇన్‌స్ట్రక్షన్‌తో మొత్తం యంత్రాన్ని స్తంభింపజేయగలిగేది. దానికి విరుగుడు కెర్నల్‌లో ఉంది. కానీ పై మెట్టు కుటుంబాన్ని ఎంచుకుంటే ఆ లోపం ఉండదన్న నమ్మకంతో విరుగుడు వదిలివేయబడుతుంది.

నాలుగోది, ఉన్నవీ లేనివీ. 486ఎస్ఎక్స్‌లో దశాంశ లెక్కలు చేసే భాగం లేదు. దాని పని కెర్నల్ చేయాలంటే మ్యాథ్ ఎమ్యులేషన్ అనే ఎంపిక కావాలి. అలాగే 32 బిట్ల అడ్రసుతో 4 జీబీ వరకే చేరగలం. పెంటియం ప్రోతో వచ్చిన పీఏఈ ఏర్పాటు ఆ హద్దును 64 జీబీకి పెంచింది. పీఏఈ కెర్నల్‌ను అది లేని ప్రాసెసర్‌లో వేస్తే మళ్ళీ మొదటి కథే.

సంఖ్యను నమ్మవద్దు

ఫ్యామిలీ సంఖ్య పెద్దదైతే ప్రాసెసర్ కొత్తదని అనుకోవద్దు. పెంటియం 3 తన సంఖ్య 6 అంటుంది, పెంటియం 4 ఏమో 15 అంటుంది. దాని తరువాత వచ్చిన కోర్ 2 మళ్ళీ 6 అంటుంది. కె6 సంగతి చెప్పనే చెప్పాను. కాబట్టి పేరును, సంఖ్యను పక్కన పెట్టి ఫ్లాగ్స్ వరుస చదవండి. అందులో సీమూవ్, పీఏఈ, ఎల్ఎం అనే మూడు మాటలు వెతకండి. ఎల్ఎం ఉంటే అది 64 బిట్ల ప్రాసెసర్.

వేగం పోతుందా?

"కింది మెట్టు ఎంచుకుంటే కొత్త యంత్రాల్లో నెమ్మదిస్తుంది కదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. దీనికి రెండు జవాబులు ఉన్నాయి.

ఒకటి, కంపైలర్‌కు ఇచ్చే సూచనలు రెండు రకాలు. ఎం-ఆర్చ్ అనేది ఏ మాటలు వాడవచ్చో చెబుతుంది. ఎం-ట్యూన్ అనేది వాడే మాటలను ఏ వరుసలో పేరిస్తే ఏ ప్రాసెసర్ మీద బాగుంటుందో చెబుతుంది. మొదటిది తప్పితే యంత్రం లేవదు, రెండోది తప్పితే కొంచెం నెమ్మదిస్తుంది. రకరకాల యంత్రాలున్న చోట పనికొచ్చేలా మెనూలో "జెనరిక్ ఎక్స్86 సపోర్ట్" అనే ఎంపిక కూడా ఉంది. అది మెట్టును మార్చదు, సర్దుబాటును అందరికీ అనువుగా చేస్తుంది.

రెండు, కెర్నల్‌లో ఆల్టర్నేటివ్స్ అనే ఏర్పాటు ఉంది. యంత్రం లేచే సమయంలో కెర్నల్ ప్రాసెసర్ ఫ్లాగ్స్ చదివి, కొన్ని చోట్ల పాత ఇన్‌స్ట్రక్షన్ల స్థానంలో మంచివి ఉంటే వాటిని తానే పెట్టుకుంటుంది. అందుకే అందరికీ పనికొచ్చే కెర్నల్ వల్ల కలిగే నష్టం మనం భయపడేంత ఉండదు. గడియారం పెట్టి కొలవకుండా మాత్రం వేగం పెరిగిందనీ, తగ్గిందనీ ప్రాజెక్టు నివేదికలో రాయకండి. పరీక్షకులు ముందుగా అడిగేది ఆ అంకెల గురించే.

ఆర్మ్ బోర్డుల దగ్గర మరో ప్రశ్న

ఈ రోజు విద్యార్థి ప్రాజెక్టుల్లో రాస్‌బెర్రీ పై బోర్డు బాగా వాడుకలో ఉంది. పైకి చూస్తే అన్నీ ఒకేలాంటి చిన్న బోర్డులు. లోపల తరాలు వేరు. 2012 నాటి మొదటి పై ఆర్మ్ వి6 రకం. 2015లో వచ్చిన తొలి పై 2 ఆర్మ్ వి7 రకం. 2016 నాటి పై 3 ఆర్మ్ వి8, అంటే 64 బిట్లది. అందుకే ఆ బోర్డు బూట్ డైరెక్టరీలో కెర్నల్ ఒకటి కాదు, కొన్ని ఉంటాయి. ఉత్త కెర్నల్ అనే పేరున్నది మొదటి పై, పై జీరోల కోసం. కెర్నల్7 అన్నది పై 2, పై 3ల కోసం. కెర్నల్7ఎల్ అన్నది పై 4లో 32 బిట్ల పనికి. కెర్నల్8 అన్నది 64 బిట్ల పనికి. కార్డును ఒక బోర్డు నుంచి తీసి మరో బోర్డులో పెట్టినా లేస్తున్నదంటే, తయారు చేసినవారు అన్ని మెట్లకూ కెర్నళ్ళు పక్కపక్కనే పెట్టి ఉంచడమే కారణం.

ఆర్మ్‌లో ఇంకో చిక్కు ఉంది. పీసీలో ఏయే పరికరాలు ఉన్నాయో బయోస్, పీసీఐ వంటి ఏర్పాట్ల ద్వారా యంత్రమే చెబుతుంది. ఆర్మ్ బోర్డులు సాధారణంగా అలా చెప్పవు. సీరియల్ పోర్టు ఏ అడ్రసులో ఉందో ముందే ఎవరో రాసి ఉంచాలి. మొదట్లో ప్రతి బోర్డుకూ ఈ వివరాలు కెర్నల్ సోర్సులోనే రాసేవారు. ఆ భాగం విపరీతంగా పెరిగిపోవడంతో 2011లో టోర్వాల్డ్స్ గట్టిగానే అభ్యంతరం చెప్పారు. తరువాత బోర్డు వివరాలను డివైస్ ట్రీ అనే విడి ఫైలులో పెట్టే పద్ధతికి మళ్ళారు. 2012 డిసెంబరులో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి ఒకే కెర్నల్ వేర్వేరు సంస్థల ఆర్మ్ చిప్పుల మీద నడిచేలా కంపైల్ చేయడం మొదలైంది. 64 బిట్ల ఆర్మ్ కూడా అదే వెర్షన్‌లో చేరింది.

కాబట్టి ఆర్మ్‌లో ప్రశ్నలు రెండు: ఏ ఇన్‌స్ట్రక్షన్లు? ఏ బోర్డు? మొదటిదానికి జవాబు కాన్ఫిగ్ ఫైలులోనూ, రెండోదానికి జవాబు డివైస్ ట్రీలోనూ ఉంటాయి.

రిస్క్-వి గురించి కూడా ఒక మాట. ఇది 2010లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో మొదలై, 2018 జనవరిలో వచ్చిన 4.15 వెర్షన్‌తో లైనక్స్‌లో చేరింది. చెన్నైలోని ఐఐటీ మద్రాసు వారి శక్తి ప్రాసెసర్లు, సీ-డాక్ వారి వేగా ప్రాసెసర్లు ఈ భాషవే. తమిళనాడులోని మన విద్యార్థులకు ఇది దగ్గరలో ఉన్న అవకాశం. ఇందులో తరాల తేడాను అక్షరాలతో చెబుతారు. ఐ అంటే మూల ఇన్‌స్ట్రక్షన్లు, ఎం అంటే గుణకార భాగహారాలు, ఏ అంటే అటామిక్ పనులు, సి అంటే కుదించిన ఇన్‌స్ట్రక్షన్లు. చిప్పుకు సి లేకుండా కెర్నల్‌లో సి ఎంపిక పెడితే కె6 కథ మళ్ళీ జరుగుతుంది.

మెట్టు పైకి జరుగుతూనే ఉంటుంది

లైనక్స్ పుట్టిన 386నే కెర్నల్ నుంచి తీసేశారు. 2013లో వచ్చిన 3.8 వెర్షన్ నుంచి దానికి మద్దతు లేదు. డెబియన్ 2017 నాటి 9వ వెర్షన్‌లో 586ను వదిలేసింది. 2025లో వచ్చిన 13వ వెర్షన్‌లో 32 బిట్ల పీసీలకు ఇన్‌స్టాలర్, కెర్నల్ ఇవ్వడం మానింది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 2022 నాటి 9వ వెర్షన్‌కు ఎక్స్86-64 రెండో స్థాయి, 2025 నాటి 10వ వెర్షన్‌కు మూడో స్థాయి ప్రాసెసర్ కావాలి. మూడో స్థాయికి ఏవీఎక్స్2 ఉండాలి. ఇంటెల్‌లో అది 2013 నాటి హాస్వెల్ తరంతో వచ్చింది. అక్కడ ప్రోగ్రాములు ఆ మెట్టుకే కంపైల్ అయి ఉంటాయి. ఎవరైనా దాతలు మీ కాలేజీకి పాత కోర్ 2 యంత్రాలు ఇస్తే, ఆ వెర్షన్ ఎక్కలేదని వాటిని పాడైనవిగా లెక్క కట్టకండి. ముందు ఫ్లాగ్స్ చదవండి.

పని చేసే వరుస

1. కెర్నల్ నడవాల్సిన ప్రతి యంత్రం దగ్గరకూ వెళ్ళండి. క్యాట్ ప్రాక్ సీపీయూఇన్‌ఫో, ఎల్ఎస్‌సీపీయూ, యూనేమ్ మైనస్ ఎం అనే మూడు కమాండ్ల జవాబులను నోటుపుస్తకంలో రాసుకోండి.

2. ఆ జాబితాలో అన్నిటికన్నా తక్కువ ఫ్లాగ్స్ ఉన్న యంత్రాన్ని గుర్తించండి. మీ మెట్టు అదే.

3. ఖాళీ నుంచి మొదలుపెట్టకండి. బూట్ డైరెక్టరీలో ఉన్న కాన్ఫిగ్ ఫైలును సోర్సు డైరెక్టరీలోకి డాట్ కాన్ఫిగ్ పేరుతో నకలు చేసి, మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ ఇవ్వండి. కొత్త ప్రశ్నలకు అదే మామూలు జవాబులు పెడుతుంది.

4. తరువాత మేక్ మెనూకాన్ఫిగ్ ఇచ్చి ప్రాసెసర్ ఫ్యామిలీని 2వ మెట్టులో తేలినదానికి మార్చండి.

5. మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడితే జాగ్రత్త. అది ఆ క్షణాన ఆ యంత్రంలో ఎక్కి ఉన్న మాడ్యూళ్ళను మాత్రమే ఉంచుతుంది. మీ యంత్రం మీద నడిపితే మీ యంత్రానికి సరిపోయే కెర్నలే వస్తుంది. పెన్‌డ్రైవ్, ప్రింటర్ తగిలించకుండా నడిపితే వాటి డ్రైవర్లు పోవచ్చు.

6. రూట్ డిస్కు డ్రైవర్, దాని ఫైల్ సిస్టమ్ కెర్నల్ లోపలే ఉండాలి, లేదా ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో ఉండాలి. రెండూ లేకపోతే ప్రాసెసర్ కుదిరినా డిస్కు కనబడదు.

7. వేరే ఆర్కిటెక్చర్ కోసమైతే ఆర్చ్, క్రాస్ కంపైల్ అనే రెండు విలువలను ప్రతి మేక్ కమాండ్‌తోనూ ఇవ్వాలి. మెనూకు ఇచ్చి కంపైల్‌కు మరచిపోతే మీ పీసీ కెర్నలే తయారవుతుంది.

8. లోకల్ వెర్షన్ అనే చోట గుర్తుపట్టే పేరు పెట్టండి. పాత కెర్నల్‌ను గ్రబ్ మెనూలో అలాగే ఉంచండి. కొత్తది లేవకపోతే వెనక్కి వెళ్ళే దారి అదే.

9. డాట్ కాన్ఫిగ్ ఫైలును దాచి ఉంచండి. మా పొరపాటు బయటపడింది ఆ ఫైలు ఉండబట్టే.

అభ్యాసం

(1) మీ కాలేజీ ల్యాబులో మూడు యంత్రాల ఫ్లాగ్స్ పక్కపక్కన రాసి, మూడింటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని గుర్తించండి. (2) సీమూవ్ లేని యంత్రం ఒకటి, ఉన్న యంత్రాలు ఐదు ఉంటే ఏ కుటుంబాన్ని ఎంచుకుంటారు? ఆ ఒక్కదానికి విడిగా మరో కెర్నల్ చేయడం ఎప్పుడు మేలు? (3) పై 3 బోర్డులో 32 బిట్ల కెర్నల్ నడుస్తుంది. మొదటి పైలో 64 బిట్ల కెర్నల్ ఎందుకు నడవదు? ఒక పేజీలో రాయండి.

చివరిగా ఒక మాట. యంత్రం లేవనప్పుడు "ఇది పాడైంది" అనడం తేలిక. "మనం దీనికి అర్థమయ్యే మాటల్లో చెప్పామా?" అని అడగడానికి కొంచెం ఓపిక కావాలి. ముగ్గురు పెద్దవాళ్ళం అడగని ఆ ప్రశ్నను ఒక రెండో సంవత్సరం విద్యార్థిని అడిగింది. మీ ల్యాబులో మూలన పెట్టిన యంత్రం ఏదైనా ఉంటే, ఈ సెలవుల్లో దాని ఫ్లాగ్స్ వరుస ఒక్కసారి చదివి చూడండి.